పంటకు వైరస్ సోకితే ఏం చేయాలి: ఆకు చూడడం నుంచి ప్రయోగశాల బల్ల దాకా

మొక్కకు ఒకసారి వైరస్ సోకాక దాన్ని నయం చేసే మందు లేదు. బూజు తెగులు మందు వైరస్‌ను ఏమీ చేయదు, బ్యాక్టీరియాను చంపేదీ ఏమీ చేయదు. ఆకుల మీద పసుపు మచ్చలు కనబడగానే ఏదో ఒకటి పిచికారీ చేసి, వారం తర్వాత ఇంకోటి చేసి, చివరికి పంటతో పాటు ఖర్చునూ పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను. అందుకే ఇక్కడ మందుల జాబితా ఉండదు. వైరస్ ఏ దారిన వచ్చిందో కనిపెట్టి ఆ దారి మూయడం ఎలాగో చెబుతాను. ఆ తర్వాత వైరస్ లేని మొక్కను తయారు చేయడం, చివరగా అదే వైరస్‌ను ప్రయోగశాలలో పనిముట్టుగా వాడుకోవడం గురించి చెబుతాను.

మందు ఎందుకు లేదో రెండు మాటల్లో తెలుసుకోండి, తర్వాతి పనులన్నీ సులువుగా అర్థమవుతాయి. పొగాకు మొజాయిక్ వైరస్‌నే తీసుకోండి. 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం ఉన్న సన్నని కడ్డీ అది. జన్యు సమాచారాన్ని మోసే సుమారు 6,400 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ పోగు, దాని చుట్టూ మెట్ల వరుసలా పేర్చిన 2,130 ప్రోటీన్ ముక్కలు, అంతే. దానికి సొంత జీవక్రియ లేదు కాబట్టి, విషం పెట్టి ఆపడానికి అందులో ఏమీ లేదు. మొక్క కణంలోకి చేరి ఆ కణం యంత్రాంగంతోనే తన నకళ్లు చేయించుకుంటుంది. కణానికీ కణానికీ మధ్య ఉండే సన్నని సందుల గుండా పాకి, ఆహారం ప్రవహించే నాళాల్లో పడిందంటే కొద్ది రోజుల్లో వేరు నుంచి చిగురు దాకా చేరిపోతుంది. మచ్చ ఉన్న ఆకు తుంచేస్తే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. మీకు మచ్చ కనబడే సమయానికి వైరస్ ఆ ఆకును దాటి చాలా దూరం వెళ్లి ఉంటుంది.

మొదటి పని: తొందరపడకుండా చూడండి

మిట్టమధ్యాహ్నం ఎండలో మొజాయిక్ మచ్చలు, అంటే పచ్చా పసుపూ కలగలిసిన మచ్చలు, సరిగా కనబడవు. ఉదయం పూట వెళ్లండి, లేదా సూర్యుడికి వీపు పెట్టి నిలబడి మీ నీడ ఆకు మీద పడేలా చూసుకోండి. ముదురాకులు వదిలేసి పై నుంచి మూడు నాలుగు లేత ఆకులు చూడండి. పక్కనే ఆరోగ్యంగా ఉన్న మొక్క ఆకును కూడా పట్టుకుని రెండూ పోల్చండి. పోల్చకుండా చూస్తే కన్ను మోసం చేస్తుంది.

బెండలో పల్లాకు తెగులు మొదలయ్యేటప్పుడు ఎలా ఉంటుందో చెబుతాను. మొదట లేత ఆకులో ఒక మూల, వెంట్రుకంత సన్నని చిన్న ఈనెలు మాత్రమే పసుపుగా మారతాయి. వాటి మధ్య భాగం ఇంకా పచ్చగానే ఉంటుంది. ఆకును వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే పసుపు దారాలతో అల్లిన వల కనబడుతుంది. ఆ తర్వాత వచ్చే ఆకుల్లో ఈనెలు మందమవుతాయి, చివరికి ఆకంతా పసుపే. మొదటి మూల కనబడిన రోజునే పట్టుకున్నవారికి పొలం దక్కుతుంది.

అరటిలో వెర్రితల తెగులు ఇంకా మోసకారి. ఆకులు చిన్నవై గుత్తిలా పైకి నిక్కే దశ అందరికీ తెలుసు, కానీ అప్పటికే ఆలస్యం. ముందుగా పట్టుకోవాలంటే ఆకు వెనక్కి తిప్పి నడి ఈనె పక్కన ఉన్న తెల్లని మైనపు పొడిని బొటనవేలితో తుడిచేయండి. కింద ముదురు ఆకుపచ్చ చుక్కలూ గీతలూ, ఒక చుక్క, ఒక గీత, మళ్లీ రెండు చుక్కలు, ఇలా తంతి సందేశంలా వరుసగా కనబడితే అది వెర్రితలే. పక్క ఈనెలు నడి ఈనెను కలిసే చోట కొక్కెంలా వంగి ఉంటాయి కూడా.

ఇప్పుడు వైరస్ కానివాటిని పక్కన పెట్టాలి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. నత్రజని లోపమైతే ముందు కింది ఆకులు, అదీ ఆకంతా ఒకే తీరుగా పాలిపోతాయి. ఇనుము లోపమైతే లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా, ఆకుకు రెండు వైపులా సమానంగా ఉంటుంది. వైరస్‌కు ఆ పొందిక ఉండదు. ఒక ఆకులో ఎడమ సగం ఒకలా, కుడి సగం ఇంకోలా ఉంటుంది. ఒక మొక్కకు ఉండి పక్క మొక్కకు ఉండదు. మిరపలో ఆకులు పడవలా పైకి ముడుచుకుంటే తామర పురుగులు తెచ్చే పైముడత కావచ్చు. అంచులు కిందికి తిరిగి తొడిమలు సాగితే నల్లి వల్ల వచ్చే కిందిముడత. ఈ రెండింటికీ పురుగు పోతే కొత్త చిగురు మామూలుగా వస్తుంది. జెమిని వైరస్ తెచ్చే బొబ్బర తెగులులో కొత్త చిగురు కూడా ముడుచుకునే వస్తుంది, ఈనెలు ఉబ్బుతాయి, మొక్క గిడసబారుతుంది. కలుపు మందు గాలికి కొట్టుకొచ్చి పడినా ఆకులు దారాల్లా సన్నబడి అచ్చం వైరస్‌లా కనబడతాయి. అది ఒకే రోజున, గాలి వచ్చిన వైపు మొక్కలన్నిటిలో కనబడుతుంది.

మొక్కను చూశాక నాలుగడుగులు వెనక్కి వేసి పొలాన్ని చూడండి. జబ్బు మొక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద చుక్కలు పెట్టండి. గట్టు పక్కన ఎక్కువగా ఉండి లోపలికి తగ్గుతూ పోతే బయటి నుంచి పురుగు తెచ్చింది. పొలమంతా విడివిడిగా, చల్లినట్టు ఉంటే విత్తనం లేదా నారుతోనే వచ్చి ఉండవచ్చు. ఒకే వరుసలో మొక్క తర్వాత మొక్కకు వస్తే మనిషి చేయో కత్తెరో మోసుకెళ్లింది. ఈ చుక్కల కాగితం నాకు చెప్పినంత నిజం చాలాసార్లు పరికరాలు కూడా చెప్పలేదు.

రెండో పని: మోసుకొచ్చింది ఎవరో తేల్చండి

వైరస్ తనంతట తాను మొక్కలోకి దూరలేదు. ఆకు మీది మైనపు పొర, కణం చుట్టూ గోడ దాన్ని ఆపుతాయి. గాయం కావాలి, లేదా పురుగు సూది కావాలి. ఏ పురుగు ఎలా మోస్తుందో తెలియకుండా పురుగుమందు కొట్టడం చీకట్లో రాయి విసరడమే.

పేనుబంకతో వచ్చేవి ఒక రకం. దోస మొజాయిక్ వైరస్, బొప్పాయి వలయపు మచ్చ వైరస్ ఈ కోవవి. రెక్కల పేనుబంక ఆకు మీద వాలి, ఇది తనకు తగిన మొక్కేనా అని రుచి చూడడానికి సూదిని కొన్ని క్షణాలు గుచ్చుతుంది. ఆ క్షణాల్లోనే వైరస్ సూది చివర అంటుకుంటుంది, తర్వాతి మొక్క మీద రుచి చూసినప్పుడు అక్కడ దిగిపోతుంది. మొత్తం పని నిమిషాల్లో అయిపోతుంది. మీరు కొట్టిన మందు ఆ పురుగును చంపేలోపే అది వైరస్‌ను దింపేసి ఉంటుంది. పైగా మందు తగిలిన పురుగు నిలకడ లేకుండా ఇంకో నాలుగు మొక్కల మీద వాలుతుంది. ఇక్కడ పనిచేసేవి వేరు. వెండి రంగు మల్చింగ్ షీటు పరిస్తే కింది నుంచి వచ్చే వెలుగుకు పేనుబంక తికమకపడి వాలదు. పొలం చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ రెండు మూడు వరుసలు ముందే వేస్తే, పురుగు మొదట వాటి మీద వాలి, సూది గుచ్చి, వైరస్‌ను అక్కడే వదిలేసుకుంటుంది. మీ పంటను చేరేసరికి దాని సూది శుభ్రం. ఇంత తేలికైన ఉపాయాన్ని ఇంత తక్కువమంది పాటించడం నన్ను బాధిస్తుంది.

తెల్లదోమతో వచ్చే జెమిని వైరస్‌ల సంగతి దీనికి తలకిందులు. టమాటా ఆకు ముడత వైరస్ పురుగులోకి వెళ్లాలంటే అది పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా రసం పీల్చాలి. తర్వాత ఆ వైరస్ పేగు గోడ దాటి, ఒంట్లోని ద్రవంలో తిరిగి, లాలాజల గ్రంథుల్లోకి చేరడానికి చాలా గంటలు పడుతుంది. ఒకసారి చేరిందంటే ఆ పురుగు వారాల తరబడి, చాలాసార్లు చచ్చేదాకా అంటిస్తూనే ఉంటుంది. ఇక్కడ పురుగును అదుపు చేయడానికి అర్థం ఉంది, కానీ నారు దశలో. నారుమడి మీద 50 మెష్ నైలాన్ వల కప్పండి. అంచులు మట్టితో మూయండి. తలుపు ఒక్కటి కాకుండా రెండు పెట్టి, మొదటిది మూశాకే రెండోది తీయండి. చిన్న వయసులో సోకిన మొక్క దాదాపు కాపే ఇవ్వదు, పూత తర్వాత సోకినది కొంతైనా ఇస్తుంది. కాబట్టి మీరు కాపాడే తొలి ముప్పై రోజులే అసలైనవి. పసుపు జిగురు అట్టలు పెట్టండి, కానీ అవి పురుగు వచ్చిందని చెప్పడానికే ఎక్కువ పనికొస్తాయి, పూర్తిగా ఆపడానికి కాదు.

తామర పురుగులది ఇంకో వింత. వేరుశనగలో మొవ్వు కుళ్లు తెచ్చే జాతి వైరస్‌లను పిల్ల పురుగు మాత్రమే ఒంట్లోకి తీసుకోగలదు. పెద్దదయ్యాక జబ్బు మొక్క మీద ఎంత మేసినా కొత్తగా అంటించే శక్తి రాదు. కానీ చిన్నప్పుడు తీసుకున్నదైతే వైరస్ పురుగు ఒంట్లోనే పెరిగి, రెక్కలొచ్చాక ఎగిరి వెళ్లిన ప్రతి చోటా దిగుతుంది. అంటే పురుగు గుడ్లు పెట్టి పిల్లలు పెరిగే కలుపు మొక్కల్లోనే మీ శత్రువు తయారవుతున్నాడు. పంట లోపలి కలుపు తీసి, గట్టు మీద కలుపు వదిలేస్తే పని సగమే అయినట్టు. దోస మొజాయిక్ వైరస్ ఒక్కటే 1,200కు పైగా మొక్క జాతుల్లో బతకగలదు. గట్టు మీద పచ్చగా, అమాయకంగా నిలబడిన మొక్కను నమ్మకండి.

మూడో పని: మీ చేతులు

పొగాకు మొజాయిక్, టమాటా మొజాయిక్, వాటి బంధువులకు పురుగు అవసరమే లేదు. మనమే చాలు. ఒకప్పుడు ఒక గాజు ఇంట్లో నేను టమాటా మొక్కల పక్క చిగుళ్లు గిల్లుతూ వరుస వెంట వెళ్లాను. పన్నెండు రోజుల తర్వాత ఎడమ చివర నేను మొదలుపెట్టిన మొక్క నుంచి వరసగా మొజాయిక్ వచ్చింది. ఒక్క మొక్కను కూడా వదలలేదు. పద్దెనిమిదో మొక్క దగ్గర ఠక్కున ఆగింది. ఎందుకని చాలాసేపు ఆలోచించాను. ఆ రోజు అక్కడ పని ఆపి, సబ్బుతో చేతులు కడుక్కుని భోజనం చేసి వచ్చాను. అంతకు మించి ఏ తేడా లేదు.

ఆ రోజు నుంచి చేసే పనులు ఇవి. మొక్కలను ముట్టుకునే ముందు సబ్బుతో బాగా రుద్ది కడుగుతాను. వేళ్లకు రాసుకునే ఆల్కహాల్ ద్రావణాన్ని నమ్మను, ఈ వైరస్ మీద అది అంతగా పనిచేయదు. లీటరు నీటిలో 200 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపిన గిన్నె పక్కన పెట్టుకుని, ప్రతి కొన్ని మొక్కలకు చేతులూ కత్తెరా అందులో ముంచుతాను. పాల ప్రోటీన్ వైరస్‌ను కప్పేసి అంటుకోనివ్వదు. పొగాకు నమిలేవారిని, పొగ తాగేవారిని ఆ చేతులతో మొక్కలు ముట్టనివ్వను, ఎందుకంటే ఎండిన పొగాకులో ఈ వైరస్ ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మొక్కల పని ముందు, అనుమానం ఉన్నవాటి పని చివర.

విత్తనం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ వైరస్‌లు విత్తనం పై పొరకు అంటుకుని ఉంటాయి, మొలక బయటికి వచ్చేటప్పుడు దాని మీదికి చేరతాయి. లీటరు నీటిలో 100 గ్రాముల ట్రైసోడియం ఫాస్ఫేట్ కరిగించి, విత్తనాలను 15 నుంచి 20 నిమిషాలు నానబెట్టి, పారే నీటిలో బాగా కడిగి, నీడలో ఆరబెట్టండి. చేతి తొడుగులు వేసుకోండి, ఆ ద్రావణం చర్మాన్ని మండిస్తుంది. చిక్కుడు జాతి పంటల్లో కొన్ని వైరస్‌లు విత్తనం లోపలి పిండంలోనే ఉంటాయి. వాటిని ఈ శుద్ధి తాకలేదు. అక్కడ ఆరోగ్యమైన పంట నుంచి తీసిన విత్తనమే శరణ్యం.

నాలుగో పని: పీకడం

మనసు ఒప్పదు, కానీ చేయాలి. కాయ మీద ఉన్న మొక్కను పీకమంటే ఎవరికైనా చేయి ఆడదు. అయితే ఆ మొక్క మీకు ఇచ్చే కాయల కంటే పక్క మొక్కల నుంచి తీసుకునేదే ఎక్కువ. జబ్బు మొక్కను ఊపుతూ పీకితే దాని మీద ఉన్న దోమంతా లేచి పక్కవాటి మీద వాలుతుంది. అందుకని మొదట ఆ ఒక్క మొక్కకు, చుట్టూ ఉన్న వాటికి పురుగును పడగొట్టే మందు గానీ సబ్బు నీళ్లు గానీ కొట్టి, కాసేపు ఆగి, పెద్ద సంచి పై నుంచి తొడిగి, వేరుతో సహా లాగండి. సంచి మూతి కట్టి బయటికి తీసుకెళ్లి పూడ్చండి లేదా కాల్చండి. గట్టు మీద పడేయకండి, ఎండేదాకా దాని మీద పురుగులు మేస్తూనే ఉంటాయి.

అరటి వంటి పంటలో తల నరికితే చాలదు, దుంపలోంచి పిలకలు వస్తాయి, ప్రతి పిలకలోనూ వైరస్ ఉంటుంది. దుంపను తవ్వి ముక్కలు చేయాలి. పీకడం ఎప్పుడు ఫలిస్తుందంటే, జబ్బు మొక్కలు ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినప్పుడు. సగం పొలం పసుపెక్కాక పీకడం వల్ల చేతులు నొప్పి తప్ప ఏమీ మిగలదు. ఘానాలో కోకో చెట్ల కొమ్మలు ఉబ్బే వైరస్‌ను ఆపడానికి దశాబ్దాల పాటు కోట్ల చెట్లు నరికారు. జబ్బు ఇంకా అక్కడే ఉంది.

ఐదో పని: పేరు తేల్చండి

కంటి చూపు ఒక చోట ఆగుతుంది. రెండు మూడు వైరస్‌లు కలిసి ఉండవచ్చు, లక్షణాలు బయటపడకుండా దాగి ఉండవచ్చు. పరీక్షకు పంపేటప్పుడు లేత ఆకు, అదీ పచ్చ, పసుపు రెండూ ఉన్న ఆకు తీసుకోండి. పూర్తిగా ఎండిన ఆకు పనికిరాదు. ఒక్కో మొక్కది ఒక్కో సంచిలో, కొద్దిగా తేమ ఉన్న కాగితంలో చుట్టి, చల్లగా ఉంచండి. ఆరోగ్యంగా ఉన్న మొక్క ఆకు ఒకటి తప్పకుండా జత చేయండి. అది లేకుండా పంపితే, వచ్చిన ఫలితాన్ని దేనితో పోల్చాలి?

పొలంలోనే చేసే పట్టీ పరీక్ష ఉంది. ఆకును సంచిలోని ద్రావణంలో నలిపి, పట్టీ ముంచితే కొద్ది నిమిషాల్లో గీత కనబడుతుంది. ఎక్కువ నమూనాలకు ఎలైజా వాడతారు. 1977 నుంచి మొక్కల వైరస్ పరీక్షల్లో ఇదే ప్రధాన సాధనం. చిన్న గుంటల పలకలో వైరస్ ఉన్న గుంట మెల్లగా పసుపెక్కుతుంది, లేనిది తేటగా ఉంటుంది. ఆరోగ్యమైన ఆకు విలువకు కనీసం రెండు మూడు రెట్లు వస్తేనే వైరస్ ఉన్నట్టు లెక్కిస్తారు. డీఎన్‌ఏ ఉన్న జెమిని వైరస్‌లకు, ఆ డీఎన్‌ఏను ఎన్నో నకళ్లు చేసి పట్టే పీసీఆర్, ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లకు ముందు ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి చేసే పీసీఆర్ మేలు.

పరికరాలేవీ లేనివారు కూడా చేయగల పరీక్ష ఒకటుంది, నాకు చాలా ఇష్టమైనది. అనుమానం ఉన్న ఆకు ఒక గ్రాము తీసుకుని, చల్లని ఫాస్ఫేట్ బఫరు పది మిల్లీలీటర్లు పోసి రోట్లో మెత్తగా నూరండి. నికోటియానా గ్లూటినోసా అనే పొగాకు జాతి మొక్క ఆకు మీద కార్బోరండం అనే గరుకు పొడిని పల్చగా చల్లండి. వేలిని ఆ రసంలో ముంచి, మరో అరచేతిని ఆకు కింద ఆనించి, ఈనె వెంట మెత్తగా ఒకసారి రాయండి. గట్టిగా రాస్తే ఆకు చిరుగుతుంది, మరీ మెల్లగా రాస్తే గాయం కాదు. వెంటనే నీళ్లతో కడిగేయండి. పక్క ఆకుకు ఉత్త బఫరు మాత్రమే రాయండి. అది పొగాకు మొజాయిక్ కోవ వైరస్ అయితే, మూడు నాలుగు రోజుల్లో రసం రాసిన ఆకు మీద ఆవగింజంత గోధుమ రంగు చుక్కలు వస్తాయి. ఆ మొక్క తన కణాలను తానే చంపుకుని వైరస్‌ను అక్కడికక్కడే బంధించేసింది. ఒక్కో చుక్కా ఒక గెలిచిన పోరాటం. 1929లో ఫ్రాన్సిస్ హోమ్స్ ఈ చుక్కలను లెక్కపెట్టి రసంలో వైరస్ ఎంత ఉందో చెప్పవచ్చని చూపించాడు. గది వేడి 28 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. దాటితే ఆ మొక్క రక్షణ పనిచేయదు, చుక్కలు రావు, వైరస్ మొక్కంతా పాకుతుంది.

ఆరో పని: వైరస్ లేని మొక్కను తయారు చేయడం

దుంపలు, పిలకలు, కాండం ముక్కలతో పెంచే పంటల్లో వైరస్ తరతరాలకూ వారసత్వంగా వస్తుంది. మంచి రకం ఒక్కటే మిగిలి, అది కూడా వైరస్ పాలైతే ఏం చేయాలి? 1952లో ఫ్రాన్స్‌లో మోరెల్, మార్టిన్ డాలియా మొక్కతో దారి చూపించారు. చిగురు చివర, ఇంకా నాళాలు ఏర్పడని గుమ్మటం లాంటి భాగంలో వైరస్ చాలా తక్కువగా ఉంటుంది, చాలాసార్లు ఉండదు. ఆ ముక్కను తీసి మొక్కగా పెంచితే తల్లి రకమే, వైరస్ లేకుండా వస్తుంది.

వీలైతే ముందు తల్లి మొక్కను 37, 38 డిగ్రీల వేడిలో కొన్ని వారాలు ఉంచండి, వైరస్ పెరుగుదల తగ్గుతుంది. చిగుళ్లు కోసి, ఆల్కహాల్‌లో కొద్ది క్షణాలు, తర్వాత పలుచని బ్లీచ్‌లో పది నిమిషాలు ఉంచి, శుద్ధి చేసిన నీటితో మూడుసార్లు కడగండి. గాలి శుద్ధి పెట్టె లోపల, సూక్ష్మదర్శిని కింద సూదితో ఆకు తొడుగులు ఒక్కొక్కటే విప్పండి. ఇది తొందర పని కాదు. ఒక్కో పొర ఊడుతున్న కొద్దీ లోపల ఇంకా చిన్నది, ఇంకా లేతది కనబడుతుంది. చివరికి మెరుస్తున్న నీటి బొట్టులాంటి గుమ్మటం, పక్కన ఒకటో రెండో ఆకు మొలకలు మిగులుతాయి. అక్కడ 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్ల ముక్కను కోసి, వెంటనే పోషక జెల్లీ మీద పెట్టండి. ఆరితే చచ్చిపోతుంది. ముక్క ఎంత చిన్నదైతే వైరస్ లేకపోవడానికి అంత అవకాశం, బతకడానికి అంత కష్టం. ఎక్కడ కోయాలనేది మీ చేయే నేర్చుకుంటుంది.

జెల్లీకి 1962 నుంచి వాడుకలో ఉన్న మురాషిగే, స్కూగ్ మిశ్రమం సరిపోతుంది. ఆమ్ల గుణం (పీహెచ్) 5.8కి సరిచేసి, 121 డిగ్రీల వద్ద ఆటోక్లేవ్ చేయండి, అంటే ఒత్తిడి ఆవిరితో శుద్ధి చేయండి. సీసాలను 25 డిగ్రీల వద్ద రోజుకు 16 గంటల వెలుగులో ఉంచండి. మొక్కలు లేచాక ప్రతి ఒక్కదాన్నీ విడిగా పరీక్షించండి. ఒకసారి లేదని వచ్చిందని సంబరపడకండి. తక్కువ మోతాదులో దాగిన వైరస్ నెలల తర్వాత తల ఎత్తుతుంది, కనీసం రెండు మూడు దశల్లో చూడాలి. ఒక ముఖ్యమైన హెచ్చరిక: వైరస్ లేని మొక్క అంటే వైరస్‌ను తట్టుకునే మొక్క కాదు. వల లేని చోట నాటితే వారంలోనే మళ్లీ సోకవచ్చు.

ఏడో పని: తట్టుకునే రకాన్ని ఎంచుకోవడం, దాని హద్దు తెలుసుకోవడం

తట్టుకునే రకం దొరికితే దానికి మించిన రక్షణ లేదు. కానీ ఏ వైరస్‌ను, ఏ తెగను తట్టుకుంటుందో అడిగి తెలుసుకోండి. టమాటాలో ఒకే జన్యువు దశాబ్దాల పాటు మొజాయిక్‌ను ఆపింది. ఇజ్రాయెల్‌లో 2014లో, జోర్డాన్‌లో 2015లో కనబడిన కొత్త వైరస్, కాయల మీద గోధుమ రంగు ముడతలు తెచ్చేది, ఆ జన్యువును దాటేసి ఇప్పుడు ఎన్నో దేశాల్లో గాజు ఇళ్లను ఇబ్బంది పెడుతోంది.

జీవసాంకేతికత ఇక్కడ ఒక గొప్ప పని చేసింది. 1986లో రోజర్ బీచీ బృందం పొగాకు మొజాయిక్ వైరస్ పై పొర ప్రోటీన్ జన్యువును పొగాకు మొక్కలోనే పెట్టింది. ఆ మొక్కల్లో వైరస్ సోకడం బాగా ఆలస్యమైంది. హవాయిలోని పూనా ప్రాంతంలోకి 1992లో బొప్పాయి వలయపు మచ్చ వైరస్ వచ్చి తోటలను తుడిచిపెడుతున్నప్పుడు, డెనిస్ గొన్‌సాల్వెస్ బృందం ఇదే పద్ధతితో చేసిన మొక్కలు అప్పటికే పరీక్షలో ఉన్నాయి, రెయిన్‌బో, సన్‌అప్ రకాలు వాటి నుంచే వచ్చాయి. 1998లో రైతులకు విత్తనాలు అందాయి. తర్వాత తెలిసినదేమంటే, మొక్క ఆ జన్యువు ఆర్‌ఎన్‌ఏను గుర్తుపట్టి ముక్కలు చేయడం నేర్చుకుంటుంది, అదే అక్షరాలున్న వైరస్ వచ్చినప్పుడు దాన్నీ ముక్కలు చేస్తుంది. అక్షరాలు తేడా ఉన్న మరో ప్రాంతపు తెగ వస్తే గుర్తుపట్టకపోవచ్చు. అందుకే ఒక చోట గెలిచిన రకం ఇంకో చోట కూడా గెలుస్తుందని అనుకోకండి.

ఎనిమిదో పని: వైరస్‌ను పనిలో పెట్టడం

ఇది ప్రయోగశాల ఉన్నవారికి, జీవ భద్రతా సంఘం అనుమతి తీసుకున్నవారికి. మొక్క చేత మనకు కావలసిన ప్రోటీన్ చేయించడంలో వైరస్‌ల దగ్గర నేర్చుకున్నదే సగం ఉంది. జన్యువును గట్టిగా నడిపే 35ఎస్ మీట కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్‌ది. పనివాడిగా నిలబడే మొక్క ఆస్ట్రేలియాకు చెందిన నికోటియానా బెంథామియానా. వైరస్‌లను ఎదిరించే ఒక జన్యువు అందులో చెడిపోయి ఉంది. పొలంలో అది లోపమే, ప్రయోగశాలలో మాత్రం వరం.

నాలుగైదు వారాల వయసున్న, ఇంకా పూతకు రాని మొక్కలు తీసుకోండి. ముందు రోజు బాగా నీళ్లు పోసి, పనికి గంట ముందు వెలుగులో పెట్టండి, ఆకు రంధ్రాలు తెరుచుకోవాలి. మొక్కలోకి జన్యువును చేరవేసే మట్టి బ్యాక్టీరియా ఆగ్రోబ్యాక్టీరియా. మీకు కావలసిన జన్యువు పెట్టిన ఆ బ్యాక్టీరియాను 28 డిగ్రీల వద్ద రాత్రంతా పెంచి, వేగంగా తిప్పే యంత్రంలో అడుగుకు దించి, పది మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, పది మిల్లీమోలార్ ఎంఈఎస్ బఫరు, 150 మైక్రోమోలార్ అసిటోసిరింగోన్ ఉన్న ద్రావణంలో కలపండి. 600 నానోమీటర్ల కాంతి వద్ద కొలిచిన సాంద్రత 0.5 దగ్గర ఉండాలి. రెండు మూడు గంటలు గది వేడిలో వదిలేయండి. టమాటాను గిడసబార్చే ఒక వైరస్ నుంచి తీసిన పి19 ప్రోటీన్ జన్యువున్న బ్యాక్టీరియాను కూడా కలపండి. మొక్క తన రక్షణతో మీ ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేయబోతుంది. ముక్కలు చేసే ఆ రక్షణను అడ్డుకోవడానికి వైరస్ తయారుచేసుకున్న ఆయుధమే పి19. అది లేకుండా చేస్తే మూడో రోజు కనబడిన ప్రోటీన్ తర్వాత తగ్గిపోతుంది.

సూది లేని ఒక మిల్లీలీటరు సిరంజి తీసుకుని ఆకు వెనక వైపు ఆనించండి. ముందు వైపు మీ చూపుడు వేలితో అడ్డం పెట్టి మెల్లగా నొక్కండి. ద్రావణం లోపలికి వెళ్లిన మేర ఆకు తడిసిన బట్టలా ముదురు రంగుకు మారుతూ, ఈనె దగ్గర ఆగి, మళ్లీ పక్కకు పాకుతుంది. ఆ హద్దును పెన్నుతో గీయండి, గంటలో తడి ఆరి గుర్తు కనబడదు. మొదటిసారి చేసేవారు వెలిగే జన్యువుతోనే మొదలుపెట్టండి. నాలుగో రోజు చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పెడితే, ఎర్రగా మెరిసే ఆకులో మీరు గీసిన గీత లోపల మాత్రం పచ్చగా వెలుగుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ రంగు కొత్తగానే ఉంటుంది.

ఈ దారిలోనే 2014లో ఎబోలా రోగులకు ఇచ్చిన జీమ్యాప్ ప్రతిరక్షకాలు ఈ మొక్క ఆకుల్లో తయారయ్యాయి. 2022 ఫిబ్రవరిలో కెనడా అనుమతించిన కోవిడ్ టీకా కూడా ఇందులోంచే వచ్చింది. జన్యువు పని ఏమిటో తెలుసుకోవాలనుకునేవారు పొగాకు రాటిల్ వైరస్‌ను వాడతారు. ఆకులకు రంగునిచ్చే పదార్థాలను కాపాడే జన్యువు ముక్కను అందులో పెట్టి 22 డిగ్రీల వద్ద ఉంచితే, రెండు వారాల్లో కొత్త ఆకులు తెల్లగా వస్తాయి. మొక్క ఆ జన్యువు నోరు మూసేసిందన్నమాట.

పని అయ్యాక ఆ మొక్కలు, మట్టి, సిరంజిలు అన్నీ ఆటోక్లేవ్ చేసి పారేయండి. కోటు అక్కడే విప్పండి. సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఆ తర్వాతే శుద్ధమైన నారు ఉన్న గదిలోకి వెళ్లండి.